హిమానీనదము వదలిపోయిన చోటు

ద్వితీయ సంవత్సరపు తరగతిలో ఒకనాడు పారిభాషిక పదములను గూర్చి చెప్పుచుండగా 'హిమానీనదము' అను మాట వచ్చినది. హిమాని అనగా గొప్ప మంచురాశి. అది నదివలె సాగునది కావున హిమానీనదము అని వివరించితిమి. వెనుక వరుసనుండి ఒక విద్యార్థిని లేచి, "మంచుగడ్డ కదలదు కదా సార్, దాన్ని నది అని ఎట్లా అంటారు?" అని అడిగెను. ప్రశ్న సమంజసమైనదే. ఉర్దూ పత్రికలలో 'బర్ఫానీ తోదా' అను మాట కనబడుచుండును. తోదా అనగా కుప్ప. అది మంచు పరిమాణమును చెప్పును గాని నడకను చెప్పదు. తెలుగు వారు సంస్కృతమునుండి కూర్చుకొన్న మాట నడకను చెప్పుచున్నది. ఆ నడక నిజమా, కవిసమయమా?

ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. మంచు నడచునని నోటితో చెప్పుట సులభము. నడచిన జాడ చూపుట వేరు. ఆ జాడ మనుష్యుల జ్ఞాపకములోను, కాగితముపైనను కూడ నిలిచియున్న ప్రదేశమొకటి కలదు. అది ఉత్తర అమెరికా వాయవ్యమున అలాస్కాలోని గ్లేషియర్ బే అను అఖాతము. దానికి సమీప నగరము జూనో. మేము ఆ తీరమున అడుగు పెట్టినవారము కాము. పటము, పాత యాత్రికుల వ్రాతలు, శాస్త్రజ్ఞుల కొలతలు, ఉపగ్రహ చిత్రములు ముందుంచుకొని పాఠకులను వెంటబెట్టుకొని పోవుటయే మేము చేయగలది. అట్టి ప్రయాణమునకు ఖర్చు లేదు, చలియు లేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వైశాల్యమున అలాస్కాయే పెద్దది. 1867లో రష్యా ప్రభుత్వము దానిని 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మినది. 1959లో అది రాష్ట్రమైనది. ఆ రాష్ట్రమునకు రాజధాని జూనో. రాజధాని అనగానే నలువైపులనుండి రాజమార్గములు వచ్చి కలియునని మనము తలంతుము. జూనోకు బయటినుండి వచ్చు రోడ్డు ఒక్కటియు లేదు. ఊరిలో రోడ్లు లేకపోలేదు. అవి కొంత దూరము పోయి అడవిలో ఆగిపోవును. ముందు సముద్రపు పాయ, వెనుక నిట్టనిలువుగా కొండలు, ఆ కొండల వెనుక సుమారు 3,900 చదరపు కిలోమీటర్ల మంచు పీఠభూమి. రావలెనన్న విమానములోనో ఓడలోనో రావలెను. సంవత్సరములో 200 దినములకు పైగా ఏదో ఒక వేళ వాన పడును. ఆ వానయే కొండలపైన మంచుగా కురియును. ఈ కథకంతకు మూలధనము అదియే.

ఈ ఊరు బంగారమువలన పుట్టినది. 1880లో జో జూనో, రిచర్డ్ హారిస్ అను ఇద్దరు అన్వేషకులు ఇచటి వాగులలో బంగారము కనుగొనిరి. వారికి దారి చూపినవాడు ఆక్ ట్లింగిట్ తెగ నాయకుడైన కోవీ. ఊరికి జూనో పేరు నిలిచినది; దారి చూపినవాని పేరు వాగుకో వీధికో మిగులుట కూడ గొప్పయే. 1906లో రాజధాని సిట్కానుండి ఇచటికి మారినది. నాటి పాత గనులు మూతబడి చాల కాలమైనది. నేడు సుమారు 32,000 మంది నివసించు ఈ ఊరికి 2023లో ఓడలలో వచ్చిన యాత్రికులు 16 లక్షలకు మించిరి. ఒక్కొక్క పౌరునకు యాబదిమంది అతిథులు! వేసవి వచ్చిన రేవు వీధులలో నిలుచుటకు చోటు దొరకదు. శీతకాలములో అదే వీధిలో దుకాణములు మూసియుండును.

జూనోనుండి చిన్న విమానములో పడమరగా అరగంట ప్రయాణము చేసినచో గస్టావస్ అను పల్లె వచ్చును. ఇచటినుండి పది మైళ్ల రోడ్డు అడవిగుండ పోయి, అఖాతపు ముఖద్వారమున బార్ట్‌లెట్ కోవ్ అను రేవుకు చేరును. ఈ పల్లెలో చూడదగిన వింత యొకటి కలదు. ఇచటి భూమి పైకి లేచుచున్నది. వేల అడుగుల దళసరిగల మంచు శతాబ్దములపాటు అణచియుంచిన నేల, ఆ బరువు తొలగుటచే సంవత్సరమునకు సుమారు 30 మిల్లీమీటర్ల చొప్పున పొంగుచున్నది. పరుపుపైనుండి మనిషి లేచిన తరువాత పల్లము మెల్లగా పూడుటవంటిదే ఇదియు. పూర్వము అలలు పారిన చోట ఇప్పుడు గడ్డి మొలచి, గోల్ఫ్ ఆడు మైదానము కూడ ఏర్పడినది. మన పెద్దలు భూమి ఆస్తిని 'స్థిరాస్తి' అనిరి. గస్టావస్ వారు ఆ మాటను ఎట్లు అనువదించుకొందురో!

బార్ట్‌లెట్ కోవ్ రేవున చెక్కడపు పనితో కూడిన పెద్ద దారు గృహమొకటి సముద్రమునకు ఎదురుగా నిలిచియున్నది. అది హూనా ట్లింగిట్ వంశములవారి గృహము. 2016 ఆగస్టులో దానిని ప్రవేశము చేసిరి. నూతన గృహమేగాని ఆ ప్రవేశము వెనుక రెండున్నర శతాబ్దముల నిరీక్షణ ఉన్నది. అది తెలియనిచో ఈ అఖాతమును చూచియు చూడనట్లే.

పదునెనిమిదవ శతాబ్దపు ఆరంభమున ఇచట అఖాతమే లేదు. ఈ చోట పచ్చిక బయలు, నది, సాల్మన్ చేపలు, వాటి ఒడ్డున ట్లింగిట్ పల్లెలు ఉండెడివి. మంచు ఎగువ లోయలలో చాల దూరమున ఉండెను. నాటి చోటును వారు 'సె షుయీ' అనిరి. మంచు కరగిన నీరు తెచ్చిన మెత్తని ఒండ్రు నేల అంచు అని దానికి దగ్గర అర్థము. భూగోళముపై చలి హెచ్చిన ఆ కాలములో మంచు దిగువకు కదలినది. ఒక బాలిక ఏకాంతవాసములో నుండి, కుక్కను పిలిచినట్లు ఎండుచేపను చూపి మంచును పిలిచినదనియు, అది పరుగెత్తి వచ్చినట్లు పల్లెపైకి వచ్చినదనియు వారి కథ. ఆమె పేరు కాస్తీన్. ఊరంతయు పడవలెక్కి వెడలిపోవుచుండగా ఒక్క స్త్రీ మాత్రము వెనుక నిలిచిపోయినది. నిలిచినది ఒక వృద్ధురాలని ఒక కథనము, ఆ బాలికయేయని మరొక కథనము. నోరా డౌవెన్‌హౌవర్, రిచర్డ్ డౌవెన్‌హౌవర్ దంపతులు 1987లో ప్రకటించిన ట్లింగిట్ మౌఖిక కథల సంపుటములో ఈ కథ ఇద్దరు వృద్ధ స్త్రీలు చెప్పినట్లుగా రెండు విధముల అచ్చయినది.

దీనిని పుక్కిటి పురాణమని తోసివేయవచ్చును. పూర్వము అట్లే తోసివేసిరి. కాని భూగర్భ శాస్త్రజ్ఞులు ఒండ్రును, పూడిపోయిన మాకులను పరీక్షించి చూడగా, 1750 ప్రాంతమున మంచు లోయనంతటిని నింపి సముద్రము వరకు వచ్చినదని తేలినది. ఒకప్పుడు అచట నివాసయోగ్యమైన నేల ఉండెననియు, మంచు వేగముగా వచ్చినదనియు కథ చెప్పిన రెండు మాటలును నిలిచినవి. పడవలెక్కిన వారు చెదరిపోయి, వారిలో పెక్కుమంది తుదకు దక్షిణముననున్న హూనా అను చోట స్థిరపడిరి.

ఆ వచ్చిన మంచును తెల్లవారు మొదట చూచినది 1794లో. కెప్టెన్ వాంకూవర్ నౌకాబృందములోని జోసెఫ్ విడ్‌బీ చిన్న పడవలతో తీరమును కొలుచుచు రాగా, నేడు ముఖద్వారమున్న చోటికి కొలది మైళ్ల లోపలనే మంచు గోడ అడ్డుగా నిలిచియుండెను. అతడు పటమున గీసినది చిన్న నొక్కు మాత్రమే. తరువాత 1879 అక్టోబరులో జాన్ మ్యూర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు ట్లింగిట్ పడవవారితో, యంగ్ అను మతప్రచారకునితో కలసి వచ్చెను. అతనికి వాంకూవర్ పటము పనికిరాలేదు. పటములో మంచు ఉన్న చోట నీరు ఉండెను. 85 సంవత్సరములలో గోడ 30 మైళ్లకు పైగా వెనుకకు తగ్గినది. 1916 నాటికి ముఖద్వారమునుండి సుమారు 60 మైళ్ల దూరమునకు పోయినది. ఒక మనిషి ఆయుష్షు రెండు పర్యాయములు గడచులోపల నూరు కిలోమీటర్ల మంచు లేకుండ పోయి సముద్రమైనది.

ఇచట ఒక పొరపాటును సవరింపవలసియున్నది. మా విద్యార్థులలో నూటికి తొంబదిమంది దీనిలో పడుదురు. హిమానీనదము 'వెనుకకు తగ్గినది' అన్నచో మంచు వెనుకకు నడచినదని కాదు. మంచు ఎన్నడును వెనుకకు నడవదు. కొండపై ఏటేట కురిసిన మంచు పొరలు పొరలుగా అణగి, గాలి బుడగలు పోయి, గట్టి గడ్డయగును. ఆ గడ్డ తన బరువుచేతనే మెల్లగా రూపు మార్చుకొనుచు, అడుగున నున్న నీటి తడిపై జారుచు పల్లమునకు సాగును. సముద్రమున దిగు హిమానీనదములు కొన్ని దినమునకు కొన్ని అడుగుల వంతున నడచును. మన కాలువను తలచుకొనుడు. కాలువలో నీరు ఎల్లప్పుడును ముందుకే పారును. ఎగువ విడుదల తగ్గినప్పుడు తడి అందు చివరి పొలము మాత్రము వెనుకకు జరుగును. హిమానీనదపు కొన కూడ అట్టి 'చివరి భూమి'యే. ఎగువ కురిసినదానికంటె దిగువ కరగి, విరిగి పోవునది హెచ్చయినచో కొన వెనుకకు జరుగును. తక్కువయినచో ముందుకు వచ్చును. కాస్తీన్ కథలో వచ్చినదియు, మ్యూర్ కాలమున పోయినదియు ఒకే లెక్క.

మరియొక మాట. పందొమ్మిదవ శతాబ్దమున ఇచట జరిగిన తగ్గుదలనంతటిని నేటి వాతావరణ తాపమునకే అంటగట్టుట సరి కాదు. చలికాలము ముగిసి, సముద్రపు లోతులో కొన మోపుదల తప్పిన హిమానీనదము తనంత తానే త్వరితముగా విరిగిపోవును. నేటి తాపము సాక్ష్యము వేరు చోట్ల ఉన్నది. జూనోకు సమీపమున టాకు అను మహా దళసరియైన హిమానీనదము ఇరువదవ శతాబ్దములో ఇరుగుపొరుగువన్నియు తగ్గుచుండగా తానొక్కటి ముందుకు సాగుచుండెను. 2018లో అదియు వెనుకకు తిరిగినది. సత్యము చెప్పుటకు అతిశయోక్తి అవసరము లేదు.

ఇక పడవ ఎక్కుదము. బార్ట్‌లెట్ కోవ్ చుట్టును స్ప్రూస్, హెమ్లాక్ వృక్షముల చిక్కని అరణ్యము. నాచు మోకాలిలోతు. ఎలుగుబంట్లుండును గనుక డేరా వేయువారు ఆహారమును గట్టి డబ్బాలలో బంధించి దూరముగా ఉంచుకొనవలెను. ఈ అరణ్యము వయస్సు రెండు వందల యేండ్ల పైచిలుకు. విడ్‌బీ చూచిన మంచు గోడ పోయిన తరువాతనే మొలచినది. పడవ ఉత్తరముగా సాగిన కొలదియు అరణ్యము పలుచనగును. స్ప్రూస్ తగ్గి ఆల్డర్ పొదలు వచ్చును. పిదప విల్లో. పిదప నేలను అంటుకొని పరచుకొను డ్రయాస్ అను చిన్న మొక్క. పిదప నల్లని పొర వంటి నాచు. తుదకు బోసి రాయి. నూరు కిలోమీటర్లు పోవుటకు పూట చాలును. ఆ పూటలో మనము రెండు శతాబ్దములు వెనుకకు పోవుదుము. ఏ చోట మంచు ఎన్నడు పోయినదో తెలిసియున్నది గనుక, ఏ చెట్టు వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టునో తీరమే చెప్పును. ప్రపంచమున ఇట్టి పాఠ్యగ్రంథములు అరుదు.

మ్యూర్ వచ్చిననాడు పడవవారిలో ఒకడైన సిట్కా చార్లీ, లోపల కట్టెపుల్ల దొరకదు, వంటచెరకు ఇచటనే ఎక్కించుకొనవలెనని హెచ్చరించెనట. అతడు బాల్యమున సీల్ వేటకు ఇచటికి వచ్చినవాడు. వంటచెరకు మోసికొనిపోయిన ఆ చోట్లలో పెక్కింట నేడు అడవి ఉన్నది.

ఈ పాఠమును మొదట శ్రద్ధతో చదివినవాడు మిన్నెసోటా విశ్వవిద్యాలయపు వృక్ష శాస్త్రజ్ఞుడు విలియం కూపర్. 1916లో అతడు అచటచట చిన్న చదరములు గుర్తించి, ప్రతి మొక్కను లెక్కించి పటము గీసెను. మరల మరల వచ్చి లెక్కించెను. ఆ చదరములలో పెక్కింటిని నూరు సంవత్సరముల తరువాత శాస్త్రజ్ఞులు వెదకి పట్టుకొని ఇప్పటికిని కొలుచుచున్నారు. బోసి నేలలో నత్రజని ఉండదు. డ్రయాస్, ఆల్డర్ వేళ్లయందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు కట్టును. పెసర, మినుము పైర్లు మన పొలములలో చేయు పనియే అది. ఆల్డర్ నేలను సిద్ధపరచును, స్ప్రూస్ దానిపై పెరిగి ఆల్డరునే నీడలో చంపును. కూపరును, అతని సహచర శాస్త్రజ్ఞులును కోరిన మీదట 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ ఈ ప్రదేశమును సంరక్షిత స్థలముగా ప్రకటించెను. 1980లో జాతీయ ఉద్యానమైనది.

సంరక్షణ మంచిదే. కాని ఎవరికొరకు? మంచు తరిమివేసిన హూనావారు, మంచు పోయిన వెనుక సీల్ వేటకు, చేపలకు, పండ్లకు, గల్ పక్షుల గ్రుడ్లకు ఏటేట తిరిగి వచ్చుచునే యుండిరి. నిర్మానుష్యమైన అరణ్యమును కాపాడుచున్నామని తలచిన ప్రభుత్వము 1960ల దశకములో గ్రుడ్ల సేకరణను నిషేధించినది. గూటిలో ఎన్ని గ్రుడ్లున్నప్పుడు తీయవచ్చునో, ఎన్నియున్నప్పుడు తాకరాదో వారి పెద్దలు నేర్పిన నియమములు ఉన్నవని తెలిసికొనుటకు దశాబ్దములు పట్టినది. 2014లో చట్టము చేసి ఆ హక్కును తిరిగి యిచ్చిరి. రెండేండ్లకు రేవున గృహము లేచినది. మంచు ఒకసారి, చట్టము ఒకసారి వెడలగొట్టిన ఇంటికి వారు వచ్చిరి. అఖాతమునకు వారు పెట్టుకొన్న పేరు 'సిత్ ఈతి గీయి'. హిమానీనదము ఉండి వదలిపోయిన చోటి అఖాతమని అర్థము. ఒక్క పేరులో రెండు కాలములు! మా పాఠములో ఇంతటి సమాసము ఇంకొకటి దొరకలేదు.

అఖాతపు తుదిని మార్జరీ హిమానీనదము ఉన్నది. పొడవు సుమారు 21 మైళ్లు, ముఖము ఒక మైలు వెడల్పు, నీటిపై ఎత్తు సుమారు 250 అడుగులు. దట్టమైన గడ్డ ఎఱ్ఱని వెలుగును మ్రింగి నీలమును వదలును గనుక పగుళ్లలో నీలపు చాయ కనబడును. మేడంత ముక్క విరిగి పడిన తరువాత గాని శబ్దము చెవికి చేరదు. ట్లింగిట్లు ఆ శబ్దమును తెల్లని ఉరుము అందురట. పెద్ద ఓడలు దినమునకు రెంటికి మించి ఈ అఖాతములోనికి రారాదని నియమము.

జూనోకు తిరిగి వత్తము. యాత్రికుడు అఖాతము వరకు పోనక్కర లేకయే చూడగల హిమానీనదమొకటి ఊరి పొలిమేరలోనే ఉన్నది. దాని పేరు మెండెన్‌హాల్. పొడవు 13 మైళ్లు. నడిబొడ్డునుండి బస్సులో పోయి చూచి రావచ్చును. దాని ముందున్న సరస్సు 1930 ప్రాంతమున ఏర్పడ మొదలిడినది. అంతకు పూర్వము ఆ చోటనంతయు మంచే ఉండెను. సరస్సునుండి వెడలు నది ఒడ్డున వేలాది ఇండ్లు కట్టుకొనిరి. అందమైన చోటు, పూల తోటలు, పడకటింటి కిటికీనుండి నది. ఇంతకంటె ఏమి కావలెను?

2011 జూలైలో ఆ నది, వాన లేకయే పొంగినది. మన నదులు వానకు పొంగును. ఆకాశము చూచి మనము హెచ్చరిక తెలిసికొందుము. ఎండ కాయుచుండగా వచ్చు వరద ఎక్కడిది? మెండెన్‌హాల్ ప్రక్కన కొండ సందులో నుండిన చిన్న ఉప హిమానీనదము కరగి వెనుకకు పోయి, దాని చోట గొయ్యి మిగిలినది. సూసైడ్ బేసిన్ అని దాని పేరు. వేసవిలో కరగిన నీరు, వాన నీరు ఆ గోతిలో నిండును. అడ్డుకట్ట మెండెన్‌హాల్ మంచే. నీటి ఒత్తిడి హెచ్చి, మంచు అడుగున దారి చేసికొన్ననాడు గొయ్యి అంతయు ఒకటి రెండు దినములలో ఖాళీయై సరస్సులోనికి, నదిలోనికి దుముకును. అప్పటినుండి దాదాపు ప్రతి వేసవిలోను ఇట్లే జరుగుచున్నది.

2023 ఆగస్టు 5న వరద ఒడ్డును కోసివేయగా ఒక ఇల్లు ఇల్లుగానే నదిలోనికి ఒరిగిపోయినది. ఆ దృశ్యము ప్రపంచమంతయు చూచినది. 2024 ఆగస్టు 6న నీటిమట్టము 15.99 అడుగులకు చేరి సుమారు 300 ఇండ్లు దెబ్బ తినెను. మరుసటి యేడు నగరమువారు నది వెంబడి తీగ బుట్టలలో మట్టి నింపి కట్ట కట్టిరి. ఖర్చులో కొంత ఒడ్డువారే భరింపవలసి వచ్చినది. నా ఇంటికి నేనే ఎందుకు చెల్లింపవలెనని కొందరు, చెల్లించియైన కట్టుడని కొందరు. 2025 ఆగస్టు 13న నీరు 16.65 అడుగులకు, అనగా మునుపెన్నడు లేనంత ఎత్తునకు వచ్చెను. కట్ట చాలవరకు నిలిచినది.

ఇది ఆ ఒక్క ఊరి ముచ్చట కాదు. 2023 అక్టోబరులో మన సిక్కిములో దక్షిణ లొనాక్ హిమ సరస్సు గట్టు తెగి, తీస్తా నదిపై చుంగ్థాంగ్ ఆనకట్టను కొట్టుకొని పోయినది. అచట అడ్డుకట్ట మంచు కాదు, మంచు వదలిన మట్టిరాళ్ల గట్టు. జూనోలో గోతిపై కెమెరాలు, నీటిమట్టపు కొలతలు ఉండుటవలన ముందు దినముననే కబురు తెలిసినది; సిక్కిములో అర్ధరాత్రి దాటిన వేళ వచ్చిన నీరు పెక్కు ప్రాణములను బలిగొన్నది.

మెండెన్‌హాల్ ఇంకను పలుచబడి, ఆ గోతిని దాటి వెనుకకు పోయిననాడు అడ్డుకట్ట ఉండదు, ఆ గోతి వరదయు ఉండదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అయితే ఎగువ మరియొక ప్రక్క లోయ అట్లే గొయ్యి కావచ్చునట. అంతవరకు జూలై వచ్చినది మొదలు ఒడ్డువారు కారును ఎత్తైన చోట నిలిపి, ముఖ్యమైన కాగితములను మేడపైకి చేర్చి, కెమెరా చూపు నీటిమట్టమును చూచుకొనుచు పడుకొందురు.

తరగతిలో ప్రశ్నించిన విద్యార్థిని ఇప్పుడు తృతీయ సంవత్సరములో ఉన్నది. ఈ వ్యాసపు చిత్తుప్రతిని ఆమెకు చదువ నిచ్చితిమి. మంచు నడచునని ఒప్పుకొన్నది. ట్లింగిట్ భాషలో మెండెన్‌హాల్ పేరునకు 'చిన్న చెరువు వెనుకనున్న హిమానీనదము' అని అర్థమని చెప్పగా కొంతసేపు ఊరకుండి, "మంచు పోయినాక ఆ పేరు ఏమవుతుంది సార్?" అని అడిగెను. హూనావారు తమ చోటికి ఒకసారి పేరు మార్చుకొనిరి గదా అని మాత్రము చెప్పితిమి.